చెరువు గట్టు మీద రాత్రి కాపలా అవిశ్వాసమా? “చింతింపకుడి” అన్న మాటను ఎలా గ్రహించాలి?

ప్రశ్న – గట్టుమీది రైతు

ప్రభువు నామమున అందరికీ వందనములు. నేను పశ్చిమ గోదావరి జిల్లాలో మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వెనామీ రొయ్యలు పెంచుతున్నాను. మా కుటుంబం మూడు తరాలుగా బ్రదరన్ అనే క్రైస్తవ సంఘంలో ఉంది. వాక్యం తెలియక అడుగుతున్న ప్రశ్న కాదిది. “చింతింపకుడి” అని యేసు ప్రభువు చెప్పిన మత్తయి సువార్త ఆరో అధ్యాయాన్ని సండే స్కూలులోనే కంఠతా పట్టినవాణ్ణి. ఆ తెలిసిన వాక్యమే ఇప్పుడు గొంతులో ముల్లులా అడ్డుపడుతున్నది గనుక మీ ముందు పెడుతున్నాను.

రొయ్యల సాగు తెలియని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ఆక్సిజన్‌ను ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచూ, రొయ్యలూ, అడుగున కుళ్ళుతున్న మేతా అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందువల్ల తెల్లవారే ముందు వేళకు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ స్థాయికి పడిపోతుంది. సరిగ్గా ఆ వేళలో కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగి, జనరేటరు వేయడం ఆలస్యమైతే, రొయ్యలు గట్టు వారకు చేరి పైకి తేలడం మొదలవుతుంది. మూడు నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి ఒడ్డున పాలిపోయి పడి ఉంటుంది. అందుకే నేను రోజూ రాత్రి రెండున్నరకు లేచి గట్టు మీదికి వెళ్తాను. టార్చి వేస్తే నీటి అంచున వాటి కళ్ళు ఎర్రటి చుక్కల్లా మెరుస్తాయి. వెలుగు తగలగానే అవి చటుక్కున వెనక్కి దూకితే నాకు ప్రాణం కుదుటపడుతుంది. దూకకుండా అక్కడే ఉంటే కాళ్ళు వణుకుతాయి. ఆ తరువాత మేత ఎంత తిన్నాయో చూడటానికి నీటిలో ఉంచే చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూసి, షెడ్డులో మంచం మీద నడుము వాలుస్తాను.

2024లో రెండో పంటకు తెల్లమచ్చ తెగులు సోకి, యాభై రోజులకే, రొయ్య ఇంకా చిన్నదిగా ఉండగానే పట్టుబడి చేసి, అంటే చెరువంతా పట్టేసి, అయినకాడికి అమ్ముకున్నాను. ఆ అప్పు తీరకముందే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది, ఇక్కడ కొనేవారు ధర దించారు. అప్పటినుంచి చెరువు బాగున్న రాత్రి కూడా నాకు కంటి మీద కునుకు లేదు. ఇంట్లో భోజనానికి కూర్చున్నా నా చెవి మాత్రం ఏరియేటరు చప్పుడు మీదే ఉంటున్నదని మా ఆవిడ అంటున్నది.

ఇటీవల ఒక గృహకూడికలో ఈ సంగతి చెప్పి ప్రార్థన కోరాను. పెద్దలలో ఒకరు లేచి, రాత్రులు గట్టు మీద తిరుగుతున్నావంటే ఆ చెరువును నీవింకా దేవునికి అప్పగించలేదన్నమాట, చింత అంటేనే అవిశ్వాసం అన్నారు. ఆయన నన్ను నొప్పించాలని అనలేదని నాకు తెలుసు. కానీ ఆనాటినుంచి నాకు రెండు బరువులయ్యాయి: చెరువు గురించిన దిగులు ఒకటి, దిగులు పడుతున్నందుకు దేవుని ముందు తప్పు చేస్తున్నానన్న దిగులు మరొకటి.

నవ్వుకుంటారేమో గానీ, ఇంకొక సంగతి కూడా అడగాలి. “ఆకాశపక్షులను చూడుడి” అని ప్రభువు అన్నారు. మా గట్టు మీద ఆకాశపక్షులను చూస్తే టపాకాయ పేల్చి తరమడమే మా పని. కొంగలూ నీటికాకులూ రొయ్యలను తినడమే కాక, ఒక చెరువులోని తెగులును ఇంకొక చెరువుకు మోసుకొస్తాయని చెరువు పైన దారాలు కట్టి మరీ వాటిని ఆపుతాము. ఆ వచనం చదివినప్పుడల్లా నేను ఏ పక్షాన నిలబడ్డానో నాకే అర్థం కావడం లేదు.

కాపలా కాయడం చింతించడమేనా? జనరేటరులో డీజిల్ నింపి పెట్టుకోవడం, వచ్చే పంటకు నాలుగు రూపాయలు దాచుకోవడం అపనమ్మకమా? నిజంగా దేవుని మీద భారం వేసినవాడు తెల్లవారుజామున మూడు గంటలకు ఏమి చేస్తాడు? దయచేసి ఊరడింపు మాటలు కాక, వాక్యం నుంచి చెప్పగలరు.

జవాబు – విశ్రాంత తెలుగు పండితుడు

సోదరా, వందనములు. నలభై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి, దాదాపు అంతకాలమూ సంఘంలో వాక్య పాఠాలు చెప్పినవాణ్ణి గనుక మొదట మాట దగ్గరే ఆగుతాను, ఎందుకంటే మీ చిక్కులో సగం “చింత” అన్న మాటలోనే ఉన్నది.

మత్తయి ఆరో అధ్యాయంలో మన బైబిలు “చింతింపకుడి” అని అనువదించిన చోట గ్రీకు మూలంలో ఉన్న క్రియ “మెరిమ్నావో”. ఇదే క్రియను అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాస్తూ తన తోటి సేవకుడు తిమోతిని మెచ్చుకోవడానికి వాడాడు: “మీ క్షేమవిషయమై నిజముగా చింతించువాడు” అతనివంటివాడు తన దగ్గర ఇంకెవడూ లేడన్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పదకొండో అధ్యాయంలో తన కష్టాల జాబితా చివర “సంఘములన్నిటినిగూర్చిన చింతయు కలదు” అని తన సంగతే చెప్పుకున్నాడు. చింత అన్నదల్లా అవిశ్వాసమే అయితే తిమోతికి ఇచ్చినది మెప్పు కాదు, నింద అవుతుంది. కనుక ఒక మనిషి ఒకదాని గురించి మనసు పెట్టి మెలకువగా ఉండటాన్ని లేఖనం తప్పుపట్టడం లేదు. ప్రభువు కొండమీద తప్పుపట్టినది వేరు. ఆయన అడిగిన ప్రశ్న చూడండి: చింతించి మీలో ఎవడు తన యెత్తును మూరెడు పెంచుకోగలడు? అక్కడున్న గ్రీకు మాటకు ఎత్తు అనీ, ఆయుస్సు అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఏ అర్థం తీసుకున్నా అది మన చేతిలో లేనిదే. ఏరియేటరు స్విచ్చి మీ చేతిలో ఉన్నది. అమెరికా సుంకం మీ చేతిలో లేదు. మీరు రాత్రి రెండున్నరకు లేచి చేసే పనిలో ఒక్కటి కూడా ఆ మూరెడు ఎత్తు కోసం చేస్తున్నది కాదు. మంచం మీద వాలాక మనసులో చేసే పని మాత్రం చాలావరకు అదే అయి ఉంటుందని నా ఊహ.

ఇక పక్షుల సంగతి. మీ ప్రశ్న చదివి నవ్విన మాట నిజమే, కానీ ఆ తరువాత చాలాసేపు ఆలోచించాను. లూకా సువార్తలో ఇదే బోధ దగ్గర ప్రభువు కాకులను పేరుపెట్టి చెప్పారు. లేవీయకాండం పదకొండో అధ్యాయంలో కాకి హేయమైన పక్షుల పట్టికలో ఉన్నది. పొలం ఉన్న ఏ మనిషీ దాన్ని ముద్దు చేయడు. అంటే విన్నవారికి కూడా అవి ప్రియమైన పక్షులు కావు, మీకు నీటికాకి ఎలాగో వారికి కాకి అలాగే. పైగా “విత్తవు కోయవు కొట్లలో కూర్చుకొనవు” అన్న మాటను ప్రభువు విత్తి, కోసి, కూర్చుకునే మనుషులతోనే చెప్పారు గానీ, విత్తడం మానండని వారితో అనలేదు. ఆ వచనంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఇంకొక చిన్న మాట: “మీ పరలోకపు తండ్రి వాటిని పోషించుచున్నాడు.” వాటి తండ్రి అనలేదు, మీ తండ్రి అన్నారు. పక్షులకు ఆయన పోషకుడు మాత్రమే, మీకు తండ్రి. వాదమంతా ఆ ఒక్క “మీ”లో ఉన్నది. మీరు పక్షిని తరిమినంత మాత్రాన ఆ వచనానికి ఎదురు నిలిచినట్టు కాదు. పక్షికి ఉన్నపాటి పోషకుడు కూడా నాకు లేడన్నట్టు బ్రతికితేనే ఎదురు నిలిచినట్టు.

డీజిల్, దాచుకోవడం గురించి అడిగారు. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో, అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారమైన మన్నాను మరునాటికి మిగుల్చుకున్నవారికి అది పురుగుపట్టి కంపుకొట్టింది. కానీ ఆరో దినాన రెండింతలు కూర్చుకున్నది విశ్రాంతిదినాన చెడిపోలేదు. దాచడం రెండుసార్లూ దాచడమే, ఫలితం ఒకటి కాదు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ళు పంటలో అయిదో భాగం కొట్లకు చేర్చాడు, అతణ్ణి అపనమ్మకస్థుడని ఎవరూ అనలేదు. దీన్ని ఇంతకంటే సాగదీయను.

నేను మీకు ముఖ్యంగా చూపాలనుకున్నది రెండు చోట్ల ఉన్నది. నూటయిరవై ఏడో కీర్తన “యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాండ్రు మేలుకొనియుండుట వ్యర్థమే” అంటుంది. కావలివాణ్ణి ఇంటికి పొమ్మని ఆ కీర్తన అనడం లేదు. అతడు గోడ మీద ఉండవలసినవాడే, కానీ పట్టణం బ్రతికేది తన కంటిరెప్ప బలం మీద కాదని తెలిసి ఉండవలసినవాడు. రెండోది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం. “దేనినిగూర్చియు చింతపడకుడి” అన్న వచనం అందరికీ నోటికి వచ్చు, దాని తరువాతి వచనంలోని క్రియను మాత్రం గబగబా దాటిపోతాము: దేవుని సమాధానము మీ హృదయములకును మీ తలంపులకును “కావలియుండును.” గ్రీకులో అది సైన్యం కోటకు కాపలా ఉండటానికి వాడే మాట. ఫిలిప్పీ రోమా వలస పట్టణం, విశ్రాంత సైనికులు స్థిరపడిన ఊరు. ఆ మాట వినగానే అక్కడివారికి ద్వారం దగ్గర బల్లెం పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపించి ఉంటాడు. రాసిన పౌలేమో అప్పుడు తానే కావలిలో ఉన్న ఖైదీ. చెరువుకు మీరు కావలి ఉన్నారు సరే, ఆ వేళ మీ తలంపులకు కావలి ఎవరన్నదే ప్రశ్న. రెండు కాపలాలూ మీరే కాయాలని చూస్తున్నందువల్ల అలసిపోతున్నారని నాకు అనిపిస్తున్నది.

చివరగా, మన తెలుగు బైబిలులోని ఒక అందం. పేతురు మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో “ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అని ఉన్నది. గ్రీకులో మన చింతకు ఒక మాట, ఆయన శ్రద్ధకు వేరొక మాట ఉన్నాయి. మన అనువాదకులు రెండింటికీ ఒకే మాట వాడారు. అనువాద శాస్త్రం ప్రకారం అది లోపమే కావచ్చు, నాకు మాత్రం అది వరంలా అనిపిస్తుంది: చింత మాయమైపోదు, చింతించేవారు మారతారు. “వేయుడి” అన్న క్రియ కూడా మూలంలో చేతిపనికి వాడే మాటే. లూకా పంతొమ్మిదో అధ్యాయంలో శిష్యులు తమ బట్టలను గాడిదపిల్ల మీద వేసినప్పుడు అదే మాట వచ్చింది.

జవాబు – నిజాంపేట విశ్వాసి

పండితులవారి వివరణ బాగున్నది గానీ, ఆ పెద్దను అంత తేలికగా తోసిపుచ్చవద్దని నా మనవి. భోజనం దగ్గర కూడా ఏరియేటరు చప్పుడే వినిపిస్తున్నదని సోదరులే రాశారు. నేను సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. ఉద్యోగాలు తీసివేస్తున్న రోజుల్లో రాత్రి పన్నెండుకు కూడా ఆఫీసు మెయిల్ చూసేవాణ్ణి, దానికి బాధ్యత అని పేరు పెట్టుకున్నాను. మా పాప ఒకసారి “నాన్నా, నువ్వు ప్రార్థనలో కళ్ళు తెరిచి ఫోను చూశావు” అన్నది. కాపలా ఎక్కడ ముగిసి దాన్నే దేవుడిలా కొలవడం ఎక్కడ మొదలవుతుందో మనకంటే ముందు ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. పెద్దలు అన్న మాట తీరు కఠినంగా ఉండవచ్చు, చూపిన చోటు మాత్రం తప్పు కాదు.

జవాబు – ఒంగోలు వాస్తవ్యుడు

సోదరులు బ్రదరన్ సంఘంవారన్నారు గనుక వారి ఇంటి సంగతే ముందు గుర్తు చేస్తాను. 1836లో గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులను ఇంగ్లండు నుంచి వెంటబెట్టుకుని వచ్చినవాడు ఆంథోనీ నారిస్ గ్రోవ్స్. అతని చెల్లెలి భర్తే బ్రిస్టల్‌లో అనాథశాలలు నడిపిన జార్జి ముల్లర్. మనుషులను చందా అడగకుండా ప్రార్థన మీదే ఆనుకుని, తన జీవితకాలంలో పదివేల మందికి పైగా అనాథలను పోషించినవాడని ముల్లర్ గురించి ప్రతి ప్రసంగంలోనూ వింటాము. ప్రసంగాల్లో వినిపించని సంగతి ఒకటున్నది: ఆయన వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, ఏటేటా నివేదికలు అచ్చువేయించేవాడు. దేవుని మీద ఆనుకున్నవాడి బల్ల మీద లెక్కల పుస్తకం ఉన్నది. మీ షెడ్డులో డీజిల్ డబ్బా ఉండటం అలాంటిదే.

మా ఊరి సంగతి ఇంకా దగ్గరది. ఒంగోలులో ప్రార్థన కొండ అని ఒక కొండ ఉన్నది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్తిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులూ, ముగ్గురు తెలుగు విశ్వాసులూ, మొత్తం అయిదుగురు ఆ కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టినది 1866లో. పన్నెండేళ్ళు పట్టింది. ఈ పన్నెండేళ్ళను సాక్ష్యాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు, నిలబడి ఎదురుచూసినవారికి మాత్రం అది పన్నెండు వేసవులు.

ఆ క్లౌ దొర కాలంలోనే 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కుదిపేసిన పెద్ద కరువు వచ్చింది. ప్రజలు ఆకలితో రాలిపోతుంటే ఆయన ప్రార్థించి ఊరుకోలేదు. అమెరికాలో యువకుడిగా ఉన్నప్పుడు భూముల సర్వే పని నేర్చినవాడు గనుక, కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకుని, గుడారాలు వేయించి, ఊళ్ళనుంచి వచ్చిన పేదలకు కూలి ఇప్పించాడు. కొలతలు, గంపలు, కూలి లెక్కలు, రోగులు, ఇవన్నీ చూసుకుంటూనే ఆ మనుషులతో ప్రార్థించాడు. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను. కూలి కోసం, బియ్యం కోసం ఎవరూ క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని, సహాయం సాగుతున్న ఏడాదికి పైగా కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సంఘం పెరగాలన్న ఆత్రం ఉన్న మనిషి అలా ఆపగలడా? ఫలితాన్ని తాను పట్టుకుని లాగనవసరం లేదని తెలిసినవాడే ఆపగలడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగి ఇచ్చారు.

ఆ సంఖ్యను చెప్పి ఆనందించే మనం కాలువ తవ్వకాన్ని చెప్పము. మీ కాపలా ఆ కాలువ పని వంటిది, సోదరా. దాన్ని ఎవరూ అవిశ్వాసమని అనలేరు.

జవాబు – కువైట్ నుంచి ఒక సోదరి

అన్నయ్యగారికి వందనములు. మాది కోనసీమ. ఏడేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. నాకు గ్రీకు తెలియదు, చరిత్ర తెలియదు, పైన పెద్దలు రాసినవన్నీ రెండుసార్లు చదువుకున్నాను. నేను చెప్పదలచినది చిన్న సంగతి, అది వారి మాటలకు కొంచెం అడ్డంగా ఉంటుంది.

ఇక్కడ పని ముగిసి నేను ఫోను పట్టుకునేసరికి రాత్రి పదకొండు అవుతుంది. మన దగ్గర అప్పటికి ఒంటిగంటన్నర. మా పాప అమ్మమ్మ దగ్గర పెరిగింది, ఆ వేళకు నిద్రపోతూ ఉంటుంది. అమ్మ ఫోనును పాప ముఖం దగ్గర పెట్టేది. నేను ఆ నిద్రను కాసేపు చూసి పడుకునేదాన్ని. మూడేళ్ళ క్రితం అమ్మకు పక్షవాతం వచ్చింది. నాకు సెలవు దొరకలేదు. శుక్రవారం ఆరాధనలో మా తెలుగువాళ్ళందరూ నా కోసం ప్రార్థించారు, నేను ఉపవాసం ఉన్నాను, “నీ భారము యెహోవామీద మోపుము” అన్న వచనాన్ని వంటగదిలో బల్ల వెనుక రాసి పెట్టుకున్నాను. అమ్మ పదహారో రోజున పోయింది.

అన్నయ్యా, ఆ రోజుల్లో నాకు వచ్చిన సందేశాలలో సగం “చింతించవద్దు, దేవుడు చూసుకుంటాడు” అన్నవే. చెప్పినవారిలో చాలామంది మరునాడు మళ్ళీ ఫోను చేయలేదు. ఆ వాక్యం తప్పు కాదు. వాక్యాన్ని ఒకరి గుమ్మంలో పడేసి వెళ్ళిపోవడం తప్పు. ప్రభువు పిచ్చుకల గురించి చెప్పిన ఇంకొక వచనం మత్తయి పదో అధ్యాయంలో ఉన్నది: తండ్రి సెలవు లేక వాటిలో ఒకటైనా నేలను పడదు. పిచ్చుక పడదని ఆయన చెప్పలేదు. పడుతుంది. పడినప్పుడు తండ్రికి తెలియకుండా పడదు. అమ్మ పోయిన తరువాత ఆ వచనం నాకు అంతకుముందెన్నడూ లేనంత దగ్గరైంది, ఎందుకంటే అది నాకు అబద్ధం చెప్పలేదు. మీ చెరువు బాగుంటుందని నేను మీకు చెప్పలేను. దేవుని మీద ఆనుకున్నవారి చెరువులకు తెల్లమచ్చ రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకొకటి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే “నా ప్రాణము మరణమగునంతగా బహు దుఃఖములో మునిగియున్నది” అన్నారు. ఆ రాత్రి ఆయన శిష్యులను అడిగినది ఒక్కటే, నాతోకూడ మెలకువగా ఉండండని. వాళ్ళు నిద్రపోయారు. మీ సంఘంలో ఒక్కరు, ఒక్క రాత్రి, మీతో గట్టు మీదికి వచ్చి కూర్చున్నారా? రాకపోతే మీరే అడగండి. అడగడానికి సిగ్గుపడకండి, ప్రభువే అడిగారు.

నేను ఇప్పుడు చేసే ప్రార్థన ఎలా ఉంటుందంటే, భయాలను గుంపుగా చెప్పను, పేరుపేరునా చెబుతాను. పాప ఇంటరు ఫీజు, ఈ నెల చీటీ, చెల్లెలి కాన్పు. ఒక్కొక్కటి చెప్పాక, అదే సంగతిలో ఇప్పటికే జరిగిన ఒక మేలును కూడా చెబుతాను. పౌలు విన్నపాల పక్కనే కృతజ్ఞత అని ఎందుకు పెట్టాడో అలా చేస్తుంటేనే నాకు తెలిసింది. కొన్ని రాత్రులు అలా చెప్పినా నిద్ర రాదు. అప్పుడు లేచి మరునాటి కూరగాయలు తరుగుకుంటాను.

జవాబు – ఒక నర్సు

పైవారు చెప్పినవాటికి ఒక్క మాట చేరుస్తున్నాను. చెరువు బాగున్న రాత్రి కూడా నిద్ర రాకపోవడం ఎన్ని నెలలుగా ఉన్నదో సోదరులు ఆలోచించుకోవాలి. దానితోపాటు గుండె దడ, ఆకలి మందగించడం, చిన్నదానికే చిరాకు, బ్రతకడం ఎందుకన్న తలంపు వంటివి ఉంటే అది ప్రార్థన లోపం కాదు, వైద్యుని దగ్గరికి వెళ్ళవలసిన సంగతి. షుగరుకు మాత్ర వేసుకునే విశ్వాసి దీనికి వేసుకోవడానికి జంకనవసరం లేదు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయవాణి 14416కు రాత్రివేళ అయినా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు మొదట బోధ చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్ళు ఇచ్చి, రెండుసార్లు నిద్రపోనిచ్చాడు.

గట్టుమీది రైతు (మూడు వారాల తరువాత)

అందరికీ వందనములు. ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, మధ్యలో పట్టుబడి ఉన్నది. ధర గొప్పగా ఏమీ రాలేదు. సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు పోగా లీజు డబ్బుకు సరిపోయింది, పాత అప్పు అలాగే ఉన్నది.

కువైట్ సోదరి మాట నన్ను వదలలేదు. మా పెద్దాయననే అడిగాను, అయ్యా, ఒక రాత్రి నాతో గట్టు మీదికి వస్తారా అని. ఆయనకు డెబ్బయి దాటాయి. కాదనకుండా దుప్పటి, చేతికర్ర, ఫ్లాస్కులో టీ పట్టుకుని వచ్చారు. నేను టార్చి వేస్తే నీటిలోని ఎర్ర చుక్కలను చూసి చిన్నపిల్లవాడిలా ఇవేమిటని అడిగారు. తరువాత షెడ్డులో కూర్చుని తన సంగతి చెప్పారు. 1996 నవంబరు తుపానులో వారి కొబ్బరితోట నేలమట్టమైందట. ఆ తరువాత రెండేళ్ళు ఆయన ఎవరితోనూ మాట్లాడక, తోటవైపు వెళ్ళక, గాలి వీస్తే చాలు తలుపులు వేసుకుని కూర్చునేవారట. “నీవు అలా అవుతావేమోనని భయపడి ఆ మాట అన్నాను, దాన్ని ఇంకొకలా చెప్పవలసింది” అన్నారు. నిజాంపేట సోదరులు చెప్పినది అందుకే కొంత ఒప్పుకుంటున్నాను. ఆ తరువాత ఆయన పది నిమిషాలకే మంచం మీద గుర్రు పెట్టారు, చెక్ ట్రే నేనొక్కణ్ణే లాగాను. అయినా అది వేరే రాత్రి.

పక్క చెరువు రైతుకూ నాకూ ఇప్పుడు ఒక ఒప్పందం కుదిరింది: ఒక రాత్రి ఆయన రెండు చెరువులూ చూస్తాడు, మరునాటి రాత్రి నేను చూస్తాను. ఆయన మన విశ్వాసంలోనివాడు కాదు, కానీ మాట మీద నిలబడే మనిషి. నర్సుగారు చెప్పినట్టు వైద్యుణ్ణి కూడా కలిశాను, నెలకు సరిపడా మందు రాశారు. పండితులవారు చెప్పిన రెండో కాపలా గురించి ఏమి రాయాలో ఇంకా తెలియడం లేదు. మంచం మీద వాలాక ఇది స్విచ్చి సంగతా, సుంకం సంగతా అని ఒక్కొక్క తలంపునూ అడుగుతున్నాను. సుంకం సంగతైతే పేరుపెట్టి ఆయనకు చెప్పేస్తున్నాను. కొన్ని వెళ్తున్నాయి, కొన్ని తిరిగి వస్తున్నాయి.

నిన్న రాత్రి వంతు పక్క రైతుది. అలవాటు చొప్పున రెండున్నరకే మెలకువ వచ్చింది. ఫోను తీయలేదని చెప్పలేను, ఒకసారి తీశాను. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, నువ్వు పడుకో అన్నాడు. మళ్ళీ లేచేసరికి ఆరు దాటింది, మా ఆవిడ వాకిలి ఊడుస్తున్నది.